చాలు, సాకు, బస్, పురే



ఈరోజు నేను మాట్లాడబోయేది మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లల గురించి. "ఆ వయసు పిల్లలకు చదువేమిటమ్మా, ఆడుకోనివ్వక!" అంటారేమో. చదువంటే పలకా బలపమే కాదు గదా. ఇంటి గడప దాటి, అమ్మ కాని ఇంకొకరి దగ్గర నాలుగు గంటలు కూచోవడమే ఆ వయసుకు పెద్ద చదువు. గడపకు అవతల టీచరమ్మ వుంటుంది, ఇవతల మనముంటాం. మనిద్దరికీ మాట కలవకపోతే మధ్యలో నలిగేది పసిబిడ్డ. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఈ మాట కలవడమన్నది ఇంకాస్త కష్టం. ఎందుకంటే మన వీధుల్లో మాట ఒకటి కాదు, నాలుగు.

ముందుగా నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను.

మా వీధి చివర ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆయనకు పత్తి జిన్నింగు మిల్లులో పని. ఆమె పుట్టిల్లు హొళగుంద అవతల, కర్ణాటక వైపు పల్లె. ఇంట్లో కన్నడమే మాట్లాడుకుంటారు. మూడున్నరేళ్ళ పాపను దగ్గర్లో వున్న పిల్లల కేంద్రంలో చేర్చారు. నాలుగో రోజు నుంచి పాప పోనంటే పోనని ఒకటే ఏడుపు. తల్లి నా దగ్గరకొచ్చి, "ఏం జేసేదక్కా, ఆడ అన్నం ఎక్కువెక్కువ పెట్టి తినమంటారంట. దానికే బెదురుకోనుంది" అంది. నాకు విడ్డూరమనిపించింది. అన్నం సరిగ్గా పెట్టలేదన్న ఫిర్యాదు విన్నాం గానీ, ఎక్కువ పెడుతున్నారన్నది ఎక్కడైనా విన్నామా?

మర్నాడు నేనే పాపను ఎత్తుకుని పోయి, ఓ మూల కూచున్నాను. అన్నమూ పప్పూ వడ్డించారు. పాప నాలుగు ముద్దలు తిని, "సాకు" అంది. టీచరమ్మ మంచి మనిషే. "సాకులు చెప్పకూడదు బంగారూ, తినాల" అని ఇంకో గరిటెడు వేసింది. పాప ఈసారి గట్టిగా "సాకు! సాకు!" అంది. "చూడండమ్మా, ఇంత లేదు గానీ ఎన్ని సాకులో!" అని అందరూ నవ్వారు. పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ముందు నవ్వొచ్చిన మాట నిజమే గానీ, పాప మొహం చూశాక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

మనకు తెలుగులో సాకు అంటే వంక. కన్నడంలో సాకు అంటే చాలు. ఆ బిడ్డ నాలుగు రోజులుగా చక్కగా, మర్యాదగా "చాలు" అని చెబుతూనే వుంది. చెప్పినకొద్దీ గరిటె వచ్చి పడుతోంది. ఆ బిడ్డకు అర్థమైందేమిటి? ఇక్కడ నేను మాట్లాడితే పని జరగదు, పైగా నవ్వుతారు అని. మూడున్నరేళ్ళకే నేర్చుకోకూడని పాఠం అది.

ఇది ఒక్క కన్నడం పిల్లల సంగతి అనుకోకండి. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడు చాలు అనడానికి "బస్" అంటాడు. వినేవాళ్ళు బస్సు కోసం వీధిలోకి చూస్తారు. మరాఠీ ఇళ్ళలో పిల్లలు "పురే" అంటారు. చాలు, సాకు, బస్, పురే. కడుపు నిండిందన్న ఒక్క సంగతికి మన ఊళ్ళో నాలుగు మాటలు. నాలుగూ సరైనవే. తెలియకపోవడం మన లోపం గానీ, చెప్పిన బిడ్డ లోపం కాదు.

అయితే ఆ టీచరమ్మను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అంతకంటే పెద్ద పొరపాటు నేనే చేశాను. చాలా ఏళ్ళ కిందట మా పక్కింట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం వుండేది. వాళ్ళ బాబుకు బళ్ళో తెలుగు రావడం లేదని ఆమె దిగులుపడితే, నేను పెద్ద తెలిసినదానిలా, "ఇంట్లో ఉర్దూ మానెయ్యమ్మా. వాడితో తెలుగే మాట్లాడు" అని సలహా చెప్పాను. పాపం, ఆమె నా మాట విన్నది. ఆమెకు వచ్చిన తెలుగు కూరగాయల బజారులో పనికొచ్చే తెలుగు. "రా, పో, తిను, పడుకో" అనగలదు. అంతవరకే. రాత్రి పూట ఆమె చెప్పే కథలు ఆగిపోయాయి, ఎందుకంటే ఆమెకు తెలుగులో కథలు రావు. వాళ్ళ అత్తగారు, ఆ బాబు దాదీ, మనవడి దగ్గర నోరు మెదపడమే మానేసింది. తెలుగు వచ్చింది లేదు సరిగదా, గలగల మాట్లాడే పిల్లవాడు ఇంట్లో కూడా మూగవాడిలా తయారయ్యాడు. కొన్ని నెలల తర్వాత ఆమే నాతో అంది, "మీ మాట తప్పని కాదక్కా, గానీ నా కొడుకుతో మాట్లాడనీకి నాకే మాటలు లేకుండా పోయినాయి" అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంది.

బిడ్డకు మాట అబ్బేది కథ వల్ల, కబుర్ల వల్ల, "ఎందుకు? ఏమిటి? తర్వాతేమైంది?" అన్న ప్రశ్నల వల్ల. అవి అమ్మకు ఏ భాషలో ధారాళంగా వస్తాయో ఆ భాషలోనే రావాలి. ఒక భాషలో ఐదు వరకు లెక్కపెట్టడం తెలిసిన బిడ్డకు లెక్క వచ్చేసినట్టే. రెండో భాషలో నేర్చుకోవలసింది ఐదు పేర్లే. మొదటి భాషలోనే లెక్క రాకపోతే రెండో భాషలో పేర్లు బట్టీ పట్టడం తప్ప ఇంకేమీ వుండదు. 

మన ప్రాంతానికి ఇన్ని భాషలు ఎందుకొచ్చాయో ఒక్క నిమిషం చెప్పుకుందాం. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లాలో వుండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి కర్నూలు జిల్లాలో కలిశాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. సిరుగుప్ప నుంచి ఆదోనికి కోడలుగా వచ్చిన మా అవ్వ, "మేం యాడికీ పోలేదు మనవరాలా, గెరే మా నడిమిన వచ్చి కూచునింది" అనేది. అంతకుముందు విజయనగరం, బీజాపూరు, మొగలాయి, నిజాం ఏలుబడులు ఒకదాని తర్వాత ఒకటి నడిచిన ఊరు ఆదోని. ఆ కోట, ఆ జామియా మసీదు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత పత్తి వ్యాపారం మార్వాడీలను, గుజరాతీలను తెచ్చింది. ఎమ్మిగనూరు సంగతి చూస్తే మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించిన తర్వాత ఆ ఊరి నేత దేశమంతా తెలిసింది. అక్కడా నేత ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళూ, కన్నడం మాట్లాడేవాళ్ళూ పక్కపక్కనే మగ్గాలు వేసుకుని కూచుంటారు. 

పెద్దవాళ్ళం మనం ఈ నాలుగు మాటల మధ్య సులువుగానే బతుకుతున్నాం. ఉదయం మన ఇళ్ళలో చేసే ఉగ్గానినే చూడండి. మనం బొరుగులు అంటాం, కన్నడం వాళ్ళు మండక్కి అంటారు, ఉర్దూ ఇళ్ళలో ముర్మురే. పేరు ఏదైనా అంగడి ఆయన సరిగ్గానే కొలిచి ఇస్తాడు. పీర్ల పండగ వస్తే ఏ ఇంటివాళ్ళు ఏ ఇంటివాళ్ళని చూడకుండా అందరూ గుండం దగ్గర చేరతారు. బజారులో, పండగలో ఇంత చక్కగా కుదిరిన సంగతి, పసిపిల్లల బళ్ళో మాత్రం ఎందుకు కుదరదు? బొరుగుల బొమ్మ చూపి "ఇదేమి?" అంటే "మండక్కి" అన్న బిడ్డకు తప్పు పెట్టడం ఏం న్యాయం?

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఆ 1953లోనే యునెస్కో సంస్థ, పిల్లల చదువు వాళ్ళ తల్లి భాషలో మొదలు కావడం మంచిదని ఒక నివేదిక ప్రకటించింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో వున్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని 1956లో మన రాజ్యాంగంలో 350ఎ అనే అధికరణం చేర్చారు. మన జిల్లాలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ మాధ్యమం బడులు వున్నాయంటే ఆ ఆలోచన వల్లనే. 2004 ప్రాంతాల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మొదటి పాఠాలు తయారుచేశారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలంటుంది. 

కాగితం మీద అన్నీ వున్నాయి. కానీ ఒకే గదిలో నాలుగు భాషల పిల్లలు, ఒకే టీచరు వుంటే ఏం చెయ్యాలి? నాలుగు బళ్ళు పెట్టలేం గదా! అక్కడే ఇంటివాళ్ళ సాయం కావలసి వస్తుంది. 

ఈ పని చేసి చూపించిన ఇద్దరు మహిళల పేర్లు మనం తెలుసుకోవాలి. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్. 1945లో మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దుకు దగ్గరగా వున్న బోర్డీ అనే ఊళ్ళో పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టారు. తర్వాత 1957లో దగ్గర్లోనే కోస్‌బాడ్ కొండకు వెళ్ళి వార్లీ గిరిజనుల పిల్లల మధ్య పని చేశారు. పిల్లలు బడికి రాకపోతే, బడినే పిల్లల ఇంటి ముంగిట్లోకి తీసుకుపోయారు. ఖరీదైన ఆట సామాన్లు కొనలేదు. గింజలు, ఆకులు, రాళ్ళు, గవ్వలు, పిల్లల ఇళ్ళలో వున్నవాటితోనే లెక్కలూ రంగులూ నేర్పారు. ముంగిట్లో బడి కాబట్టి అంగనవాడి అన్నారు. 1975 అక్టోబరు 2న మన దేశంలో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు ఆ కేంద్రాలకూ ఆ పేరే స్థిరపడింది. అంటే అంగనవాడి అన్న మాటలోనే ఇంటి ముంగిలి వుంది. అది మనం మరిచిపోయి, అన్నం, గుడ్డు ఇచ్చే చోటుగా మాత్రమే చూస్తున్నాం.

దూరదేశం సంగతి ఒకటి. న్యూజిలాండులో మావోరీలనే మూలవాసులు వున్నారు. వాళ్ళ భాష పిల్లల నోట వినిపించకుండా పోతున్నదని భయపడి, 1982లో "భాషా గూళ్ళు" అనే శిశు కేంద్రాలు పెట్టుకున్నారు. అవ్వలూ తాతలూ వచ్చి పసిపిల్లలతో తమ భాషలో మాట్లాడటమే అక్కడ చదువు. ఆ తర్వాత 1996లో ఆ దేశం పసిపిల్లల చదువుకు ఒక ప్రణాళిక తయారుచేసి, దానికి మావోరీ భాషలో "నేసిన చాప" అని పేరు పెట్టింది. అందులోని నాలుగు మూలసూత్రాల్లో ఒకటి కుటుంబమూ, ఊరూ. చాప మీద అన్ని రకాల పిల్లలకూ చోటు వుండాలనీ, దాన్ని టీచర్లూ ఇంటివాళ్ళూ కలిసి నెయ్యాలనీ వాళ్ళ ఉద్దేశం. ఇది మన ఎమ్మిగనూరు వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర లేదు. పడుగు ఒక్కటే వుంటే దారాలే, గుడ్డ కాదు. పేక ఒక్కటే వుంటే కండె మీదే వుండిపోతుంది. బడి పడుగైతే ఇల్లు పేక.

సరే, మనం చెయ్యగలిగిందేమిటి? నాకు తోచినవి, కొన్ని చోట్ల చేసి చూసినవి చెబుతాను.

మొదటిది, పది మాటల కాగితం. బిడ్డను చేర్చిన రోజునే ఇంట్లో వాడే పది మాటలు రాసి టీచరమ్మకు ఇవ్వండి. చాలు, కావాలి, వద్దు, నీళ్ళు, ఆకలి, నొప్పి, భయం, నిద్ర, అమ్మ, ఇక పదోది ఒంటికి, రెండుకి పోవాలన్న మాట. ఈ చివరిది చాలా ముఖ్యం. అది చెప్పలేక బట్టలు తడుపుకుని సిగ్గుపడి బడి మానేసే పిల్లలు ఎందరో. కన్నడం ఇంటి తల్లి అయితే సాకు, బేకు, బేడ అని తెలుగు అక్షరాల్లో రాయిస్తే సరి. రాయడం రాని తల్లి అయితే నోటితో చెబుతుంది, టీచరమ్మ రాసుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, వారానికి ఒక్క అరగంట. ఒక వారం ఒక అవ్వ, ఒక వారం ఒక దాదీ, ఒక వారం ఒక ఆజీ వచ్చి తమ మాటలో చిన్న కథ చెప్పాలి. మిగతా పిల్లలకు అర్థం కాదేమో అని సందేహం వద్దు. కాకీ కుండా కథ చేతులు తిప్పుతూ చెబితే ఏ భాష పిల్లలైనా కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. ముఖ్యంగా ఆ భాష బిడ్డ ఆరోజు తల ఎత్తుకుని కూచుంటాడు. మా అవ్వ మాటకు బళ్ళో చోటుంది అన్న ధైర్యం వాడికి చాలా రోజులు పనికొస్తుంది.

మూడోది, ఇంటి పని బడికి పోవాలి. నేత ఇంటి బిడ్డకు రంగులు, పోగులు, చారలు పుట్టుకతో తెలుసు. ఖాళీ కండెలు పది తెచ్చి వరసగా పేర్చమనండి, అదే లెక్క. పత్తి కాయ, జొన్న కంకి, శెనక్కాయ తెచ్చి చూపించి, మీ ఇంట్లో దీన్నేమంటారు అని ఒక్కొక్కరినీ అడగండి. ఒకటి, ఒందు, ఏక్ అని మూడు రకాలుగా లెక్కపెట్టించండి. తెలుగుకూ కన్నడానికీ ఐదు అన్న మాట ఒక్కటే అని తెలిసి పిల్లలు కేరింతలు కొడతారు.

నాలుగోది, సమావేశాల వేళ. పొద్దున పదకొండింటికి తల్లిదండ్రుల సమావేశం పెడితే మిల్లుకు పోయే తల్లి, పొలం కూలికి పోయే తల్లి ఎలా వస్తారు? ఒక పూట కూలి పోతుంది. రాలేదని "వాళ్ళకు పిల్లల మీద శ్రద్ధ లేదు" అనేస్తాం. వేళ వాళ్ళనే అడిగి పెడితే వస్తారు. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. మంచిదే. కానీ ఏడాదికొక పెద్ద సమావేశం కంటే నెలకొక చిన్న మాట మేలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే వుండాలి, సగం మంది స్త్రీలే వుండాలి. అందులో మన వీధిలోని అన్ని భాషల ఇళ్ళ తల్లులూ వున్నారా అని చూడటం మన బాధ్యత.

ఐదోది, వలస పోయే ఇళ్ళ సంగతి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరపకాయల కోతకు పోతాయి. బడి ఈడు పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు గానీ, పసివాళ్ళు తల్లి వెంట పోవలసిందే. అంగనవాడిలో పేరున్న బిడ్డను, పోయిన చోట కేంద్రానికి మార్చుకునే వీలు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో వుంది. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి వలస పోతుంటే ఈ సంగతి చెప్పి, పోయేముందు టీచరమ్మను కలిసి పొమ్మనడం మన చేతిలో పని.

ఇంతవరకు విని మీలో కొందరు, "మా పిల్లలు కాన్వెంటుకు పోతారు, ఇది మాకెందుకు?" అనుకుంటూ వుండవచ్చు. కాన్వెంట్లలోనూ ఇదే తంతు. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని చెప్పే బడులు ఎన్ని లేవు! నేను పక్కింటామెకు ఇచ్చిన సలహాకూ దీనికీ తేడా ఏముంది? ఇంగ్లీషు వద్దనడం లేదు. పిల్లలు నాలుగు భాషలు నేర్వగలరు, మన ఊరి పిల్లలైతే వీధిలోనే మూడు నేర్చేస్తారు. కానీ మనకు వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి, మనసారా చెప్పగలిగిన మాటలు దాచుకోకండి. ఇంగ్లీషు బళ్ళో నేర్పుతారు. కథ మీరు చెప్పండి.

చివరగా మా వీధి పాప సంగతి. ఆరోజే నేను టీచరమ్మకు సాకు అంటే ఏమిటో చెప్పాను. ఆమె నొచ్చుకుని, "అయ్యో, నాలుగు దినాలు బిడ్డను ఏడిపిస్తినే!" అంది. పాప తల్లిని పిలిపించి కొన్ని మాటలు పుస్తకంలో రాసుకుంది. పాప అంత తొందరగా రాలేదు. మనసు విరిగిన బిడ్డ ఒక్క రోజులో మారదు గదా. మూడు వారాలు తల్లి వెంట వచ్చి గడప దగ్గరే కూచుంది. నాలుగో వారం లోపలికి పోయింది. మొన్న నేను అటు పోయినప్పుడు వడ్డన జరుగుతోంది. టీచరమ్మ గరిటె పట్టుకుని, "బేకా, సాకా?" అని అడిగింది. పాప ఆమెను ఎగాదిగా చూసి, "చాలు" అంది, తెలుగులో.

మీ ఇంటి పక్కన, మీ మాట రాని పసిబిడ్డ ఎవరైనా వుంటే, రేపు పొద్దున ఆ తల్లిని పలకరించి చాలు అన్నదానికి వాళ్ళింట్లో ఏమంటారో అడగండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.